ఒరిగిన తాత

సందులోని ప్రార్థన గది తాళం తీసిన పెద్దమ్మ వెంటనే లోపలికి రమ్మనలేదు. ముందు తనొక్కతే వెళ్లి, రెండు కిటికీల రెక్కలూ తోసి, కాసేపాగి, అప్పుడు గుమ్మంలోకొచ్చి "రామ్మా" అంది. లోపల పడుకున్న పెద్దాయన్ని లేపి, ఎవరో వచ్చారు కాస్త సర్దుకో అని చెప్పి వచ్చినట్టుంది ఆవిడ వాలకం.

మ్యూజియంలో చెక్క వస్తువుల విభాగం చూసే ఉద్యోగిని సంచి భుజాన సర్దుకుని లోపలికి వెళ్లింది. తోటివాళ్లు ఆమెను చెక్కల డాక్టరంటారు. మొదట్లో వెక్కిరింపుగానే అన్నారు. ఒక పెద్దమనిషి మ్యూజియానికి కానుకగా ఇచ్చిన పురాతనమైన పెట్టె నిన్నమొన్నటిదని రాసి, ఆ పుణ్యానికి చాలాకాలం కిటికీ లేని సామాన్ల గదిలో పనిచేసొచ్చాక ఆ పేరులో వెక్కిరింపు పోయింది. చూసింది రాస్తుంది, చూడనిది రాయదు. తన గురించి తాను గట్టిగా చెప్పుకోగలిగింది ఆమెకు అదొక్కటే.

గది చిన్నది. గోడలకు సున్నం పెచ్చులూడి ఇటుకలు కనిపిస్తున్నాయి. ఎదురుగా ఇటుకల అరుగు మీద మనిషంత ఎత్తున, చర్చిల్లో పెట్టేలాంటి కొయ్య పునీతుడు నిలబడి ఉన్నాడు. నిటారుగా కాదు. నడుము దగ్గర్నుంచి ఎడమకు ఒరిగి, ఆ భుజం కిందికి దించి, తల కాస్త వంచి, పొట్టివాళ్లెవరో చెబుతున్నది వింటున్నట్టు ఉన్నాడు. ఆయన ఏ పునీతుడో ఎవరికీ తెలీదు. చేతుల్లో ఏమీ లేదు, పాదాల దగ్గర పేరు లేదు. ఆ సందులో వాళ్లందరికీ ఆయన తాత. అంతే.

"పెద్దవయసు కదా మేడమ్, చెవుడు," అన్నాడు వెనకనుంచి ఆ సందు దర్జీ. "అందుకే వంగి వింటాడు."

గుమ్మం దగ్గర నిలబడ్డ పదిమందీ నవ్వారు. ఆసుపత్రిలో డాక్టరు జోకు వేసినప్పుడు రోగి చుట్టాలు నవ్వే నవ్వది.

ఏటి ఒడ్డున వెడల్పాటి రోడ్డు రాబోతోంది. సందులో ప్రతి తలుపు మీదా ఎర్ర రంగుతో అంకె వేసి పోయారు. ఆ అంకెలు వేసిన రోజు నుంచి దర్జీ కుట్టు మిషను మూసిపెట్టి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. తిరగ్గా తిరగ్గా ఒక నిబంధన దొరికింది. నూరేళ్లు దాటిన విగ్రహం ఉన్న ప్రార్థన గదిని కూల్చకూడదు. గది నిలిస్తే రోడ్డు పక్కకి జరగాలి. రోడ్డు జరిగితే సందు మిగులుతుంది. నగర కార్యాలయం వాళ్లు, ఆ విగ్రహం వయసెంతో, ఎక్కడిదో తేల్చమని మ్యూజియానికి రాశారు. అందుకే ఆమె వచ్చింది.

ముందు ఏమీ ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూసింది. తర్వాత టార్చి పక్కవాటుగా పట్టుకుని వెలుగును చెక్క మీదుగా పాకించింది. అలా చూస్తే పనిముట్ల జాడలు నీడలు పోసుకుని లేస్తాయి. ముఖమంతా సన్నటి ఉలి పని. ఒంటి మీద మాత్రం వడ్రంగి బాడిసతో కొట్టిన వెడల్పాటి దెబ్బలు, పక్కపక్కన, ఒకే ఊపులో పడ్డవి. మోచేతి దగ్గర రంగు లేచిపోయిన చోట భూతద్దం పెట్టింది. ఉల్లిపొరల్లా రంగు మీద రంగు. ప్రతి తరమూ తన వంతు పూసి పోయినట్టుంది. అన్నిటికంటే అడుగున, సన్నటి గీతలా, ఇప్పుడెవరూ వాడని ఒక ముదురు ఆకుపచ్చ.

ఆ గీత మీద ఆమె భూతద్దం ఇంకాసేపు ఉంచింది. ముఖం మాత్రం మారనివ్వలేదు.

పీఠం కిందినుంచి కంటికి కనబడని చోట అగ్గిపుల్ల తలంత చెక్క తీసుకుంటానని చెప్పింది. పెద్దమ్మ ఒప్పుకుంది గానీ, బ్లేడు తగిలినప్పుడు తన చేతిని తాతపాదం మీద పెట్టి ఉంచింది, సూది వేయించుకునే పిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు.

అందరూ ఆయన ఎంత పాతవాడైతే అంత మంచిదనుకుంటున్నారు. ఒక్క పెద్దమ్మే, ఆమె సామాను సర్దుకుంటుంటే పక్కన కూర్చుని అడిగింది.

"వయసు తెలిశాక ఏం చేస్తారమ్మా?"

"రాసి ఇస్తాను పెద్దమ్మా."

"ఇచ్చాక?"

ఆ తర్వాతది తన పని కాదని ఆమె చెప్పింది. పెద్దమ్మ తలూపి, కొంగుతో తాతపాదం తుడిచింది.

*

రెండు రోజులు ఆమె బల్ల ముందునుంచి లేవలేదు. చెక్క ముక్కను నీళ్లలో నానబెట్టి, వెలుగు అవతలికి కనబడేంత పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. టేకు. అందులో సందేహం లేదు. వీపు వెనక తొలిచిన బోలులో చెక్క అడ్డకోత బయటపడి ఉన్న చోట వలయాలకు ఫొటోలు తీసుకొచ్చింది. ఒక్కో వలయం చెట్టుకు ఒక్కో ఏడాది. తడి ఏడాది వెడల్పు, కరువు ఏడాది ఇరుకు. ఎప్పుడో కూలిపోయిన పాత వంతెన దూలాలు మ్యూజియంలో ఉన్నాయి. వాటిని ఏ ఏడాది నరికారో తెలుసు. ఆ వలయాల పక్కన ఈ వలయాల్ని పెట్టి, ముందుకూ వెనక్కీ జరుపుతూ కూర్చుంది. రెండో రోజు మధ్యాహ్నం ఇరుకు వలయాలన్నీ ఇరుకు వలయాల ఎదురుగా, తాళంలో చెవి తిరిగినట్టు కూర్చున్నాయి.

దాదాపు రెండు వందల ఏళ్లు.

వయసు తేలింది. ఎక్కడిదో తేలలేదు. ఇంత పాత కొయ్య పునీతులు మ్యూజియంలో ఇంకో నలుగురున్నారు. అందరూ దూరప్రాంతాల కార్ఖానాల్లో చెక్కినవాళ్లు, నిటారుగా, ఒకరి ముఖం ఒకరికి అచ్చుగుద్దినట్టు ఉంటారు. ఈయన పోలిక వాళ్లలో ఎవరికీ లేదు. పైగా ఈయన నడుములో మూసేసిన చిల్లులున్నాయి. విగ్రహానికి ఏ అవసరమూ లేని చిల్లులు. వీపు బోలులో నల్లటి బంక పూత, అందులో కుక్కిన నార పోగులు ఉన్నాయి.

ఇంటికెళ్లాక కూడా ఆ చిల్లులే కళ్లముందు ఉన్నాయి. అన్నం ముందు కూర్చుని, కంచం అంచు మీద వేలితో చుక్కలు పెడుతుంటే వాళ్ల అక్క చూసి, ఆ కొయ్యాయన్ని పెళ్లిచేసుకో పోనీ అంది. అక్కాచెల్లెళ్లిద్దరే ఆ ఇంట్లో. చాలా రోజుల తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు.

*

మర్నాడు ఆమె మళ్లీ సందుకు వెళ్లింది. పెద్దమ్మ ఏటి దగ్గరుందని కోడలు చెబితే అటు నడిచింది. సందు చివర బురద ఒడ్డున ఒక పాత పడవ బోర్లా పడి ఉంది. దాని కింద ఎవరివో కోళ్లు. పెద్దమ్మ గుడ్ల కోసం చెయ్యి చాపి తడుముతోంది. పలకరిద్దామని వంగిన ఆమె వంగినట్టే ఉండిపోయింది.

తర్వాత మోకాళ్ల మీద పాకుతూ పడవ కిందికి దూరింది. కోళ్లు అరుచుకుంటూ బయటికి పరుగెత్తాయి. లోపల పడవ పక్కటెముకలు, ఒక్కొక్కటీ సహజంగా వంపు తిరిగిన టేకు కొయ్య. ప్రతి ఎముకకూ చెక్కమేకులు దిగిన చిల్లులు. పలకల మధ్య సందుల్లో గుగ్గిలం బంక, అందులో కుక్కిన నార. ఆమె జేబులోంచి, తాత నడుము చిల్లుల కొలత గీసుకున్న కాగితం తీసి చిల్లుల మధ్య దూరం మీద పెట్టింది. సరిపోయింది. పక్క ఎముక మీద పెట్టింది. సరిపోయింది.

బయటికొచ్చేసరికి ఆమె మోకాళ్ల నిండా బురద, జుట్టు నిండా ఈకలు. పెద్దమ్మ కంగారుగా చెయ్యందించింది.

"తాత ఎక్కణ్ణుంచీ రాలేదు పెద్దమ్మా," అంది ఆమె. "ఇక్కడే పుట్టాడు. పాత పడవ విప్పి, దాని పక్కటెముకలో చెక్కారు. కొయ్య వంపు అది, అందుకే ఒరిగాడు. పడవలు కట్టినవాళ్లే చెక్కారు. మీవాళ్లే."

నివేదిక రాయకముందు ఎవరికీ ఏమీ చెప్పకూడదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆరోజు మాత్రం ఆగలేకపోయింది. వయసు కూడా చెప్పింది.

పెద్దమ్మ కాసేపు పడవ వంక చూసింది. "మావాళ్లకి ఇంత పనితనం ఉండేదా?" అంది.

మాట సందులోకి ఆమెకంటే ముందే చేరింది. దర్జీ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎవరో టీ తెచ్చారు, ఎవరో కుర్చీ తెచ్చారు. మూటలు కట్టి వాకిట్లో పెట్టుకున్నవాళ్లు అక్కడే కూర్చుని ముడులు విప్పసాగారు. పెద్దమ్మ కోడలు ఊరి అవతల బడి వెనక ఒక గది చూసుకుంది. మంచి గది, కుళాయి కూడా ఉంది. ఇల్లుగలావిడ రేపటికల్లా ఏదో ఒక మాట చెప్పమందట. ఇక అక్కర్లేదని చెప్పి రమ్మని మొగుణ్ణి అప్పటికప్పుడే పంపించింది. చెక్కల డాక్టరుకు ఆ మాట వినబడింది. తొందరపడొద్దు, కాగితం చేతికొచ్చేదాకా ఆగండి అనాలనిపించింది. టీ వేడిగా ఉంది. అందరూ తనవైపే చూస్తున్నారు. అనలేదు.

*

మ్యూజియం డైరెక్టరు ఆమె నివేదిక మొత్తం ఒక్కసారి, వయసున్న పేజీ రెండోసారి చదివాడు. మంచి మనిషే. కోప్పడడం ఎవరూ చూడలేదు. ఇలాంటి పని దేశంలో చేయగలిగినవాళ్లు నలుగురు కూడా ఉండరన్నాడు. ఆ మెప్పు ఆమెకు సంతోషమే కలిగించింది.

వయసు సంగతి ఆయన ముందుగా తెలియజేస్తే, మూడో రోజుకు నగర కార్యాలయం నుంచి జవాబొచ్చింది. ఆయన ఆమెను పిలిచి కూర్చోబెట్టి, జవాబు తనే చెప్పాడు. విగ్రహం అంత పాతదైతే తేమ గోడల మధ్య ఉంచడం ప్రమాదం. వెంటనే మ్యూజియానికి తరలించాలి. తరలించాక ఆ గదిలో నూరేళ్లు దాటినదేదీ ఉండదు. కాబట్టి గదికి అడ్డు లేదు.

అర్థం కావడానికి ఆమెకు కాసేపు పట్టింది.

"వాళ్లు గది నిలబడుతుందనే వయసు తేల్చమన్నారు సార్."

"నిబంధన రక్షించమన్నది విగ్రహాన్నమ్మా. గోడల్ని కాదు. మనం రక్షిస్తున్నాంగా."

నివేదిక ఆమె ముందుకు జరిపాడు. పడవ గురించీ, ఒడ్డు మనుషుల గురించీ రాసిన భాగం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. ఇది ఊహలా ఉంది, తీసెయ్యమన్నాడు. ఊహ కాదని ఆమె చిల్లుల కొలతలు చూపించింది. ఆయన ఓపిగ్గా చూశాడు. చూసి, గొంతు తగ్గించి ఉన్నమాట చెప్పాడు.

"మూలం రాస్తే వాళ్లదని రాసినట్టే. వాళ్లదని మనమే రాసిస్తే రేపు కోర్టుకెళ్లి తిరిగిమ్మంటారు. అప్పుడు మీరు కూడా ఆ బోనులో నిలబడాలి. వయసు ముఖ్యం. వయసు ఉంచుదాం."

సంతకం పెట్టకపోతే ఏమవుతుందని ఆమె అడిగింది. ఏమీ కాదన్నాడు. ఇంకొకరు పెడతారు. విగ్రహాన్ని మాత్రం, ఆమె దగ్గర లేకుండా, నగర కార్యాలయం కూలీలే లారీలో వేసుకొస్తారు. వాళ్లకు చెక్క సంగతి ఏం తెలుస్తుంది, దారిలో చెయ్యో కాలో విరిగితే ఎవర్ని అంటాం అన్నాడు.

ఆమె బొటనవేలు గోరుతో బల్ల అంచు గీకుతూ కూర్చుంది. తాత చెయ్యి విరగడం కళ్లకు కట్టింది. దాంతోపాటే కిటికీ లేని సామాన్ల గది కూడా కనబడింది. ఏది చూసి పెన్ను అందుకుందో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా ఆమెకు తేలలేదు.

*

తరలింపు రోజు సందులో ఎవరూ ఆమెను తిట్టలేదు. అదే ఆమెకు కష్టమైంది. తిడతారని సిద్ధపడి వచ్చింది. వాకిళ్లలో నిలబడి, దారిన పోయే వానను చూసినట్టు చూశారు. విప్పిన మూటలు మళ్లీ కడుతున్నారు. సందు మొదట్లో కూల్చే యంత్రం అప్పుడే వచ్చి నిలబడి ఉంది. డ్రైవరు దాని నీడలో కూర్చుని పేపరు చదువుతున్నాడు.

ఆమె అరుగు మీదికెక్కి పని మొదలుపెట్టింది. లేచిపోతున్న రంగు పెచ్చుల మీద పల్చటి కాగితం అంటించింది. వేళ్ల మధ్య దూది పెట్టింది. మెడ చుట్టూ మెత్తటి గుడ్డ చుడుతుంటే పెద్దమ్మ వచ్చి రెండో కొస పట్టుకుంది. గుడ్డ ఆమె చేతినుంచి పెద్దమ్మ చేతికీ, పెద్దమ్మ చేతినుంచి ఆమె చేతికీ తాత వెనకగా తిరిగింది.

నలుగురు కూలీలు ఎత్తారు. గుమ్మం దగ్గర ఇరుక్కుంది. ఒరిగిన మనిషి కదా, ఎటు తిప్పినా ఏదో ఒకటి తగులుతోంది. ఒకడు బలంగా నెట్టబోయాడు. ఆమె వద్దని అరిచింది. అప్పుడు పెద్దమ్మ ముందుకొచ్చి, "అలా కాదు నాయనా. ఎడమ భుజం ముందు రానివ్వండి. వచ్చాక తల తిప్పండి. వరదొచ్చినప్పుడు అలాగే తీసుకెళ్లాం," అంది. వాళ్లు అలాగే చేశారు. తాత ఎక్కడా తగలకుండా, తెలిసిన దారిన పోయినట్టు బయటికొచ్చేశాడు.

లారీ తలుపు వేస్తుంటే దర్జీ పక్కన వచ్చి నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది.

"మేడమ్, కొత్తదని రాసుంటే ఏమయ్యేది?"

"గది ఎలాగూ కూల్చేవాళ్లు."

"గది సంగతి కాదు. ఆయన సంగతి."

అతనే మళ్లీ చెప్పాడు. "కొత్తదైతే ఎవరిక్కావాలి? మేం పోయేచోటికి మాతోపాటు మోసుకుపోయేవాళ్లం." అతని గొంతులో నిష్ఠూరం లేదు. కుట్టేశాక కొలత తప్పిందని తెలుసుకున్నవాడిలా ఉన్నాడు. "నేనేగా ఆఫీసుల చుట్టూ తిరిగి పాతదో కాదో చూడమన్నది. ఊరికే ఉన్నా సరిపోయేది. మునిగేవాళ్ల చేతిలో ఉన్న తెప్ప కూడా నేనే వదిలించాను."

పెద్దమ్మ కోడలు చూసుకున్న గదిలోకి అప్పటికే వేరేవాళ్లు దిగిపోయారట. ఆ సంగతి కోడలు ఆమెకు చెప్పలేదు. ఇంకెవరితోనో చెబుతుంటే వినబడింది. లారీ కదిలింది. ఆమె డ్రైవరు పక్కన కూర్చుంది. సందు మలుపు తిరగకముందే వెనక యంత్రం మొదలైన చప్పుడు వచ్చింది. డ్రైవరు అద్దంలో చూసి, పనిలో మంచి చురుకైనవాళ్లే అన్నాడు.

*

విగ్రహాన్ని ప్రదర్శనకు పెట్టిన రోజున మ్యూజియంలో బాగానే జనం ఉన్నారు. కింది అంతస్తు మధ్య గదిలో, గాజు అర వెనక, పైనుంచి వెలుగు పడేలా తాతను నిలబెట్టారు. ఆ వెలుగులో బాడిస దెబ్బలన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. కింద చిన్న పలక. కొయ్య పునీతుడు. టేకు. దాదాపు రెండు వందల ఏళ్ల నాటిది. మూలం తెలియదు.

డైరెక్టరు అతిథుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లలో నగర కార్యాలయం పెద్ద అధికారి, ఆయన భార్య ఉన్నారు. చెక్కల డాక్టర్ని ముందుకు పిలిచి, వయసు తేల్చింది ఈవిడేనని పరిచయం చేశాడు. ఆమె వలయాల గురించి చెప్పింది. వంతెన దూలాల గురించి చెప్పింది. అధికారి భార్యకు నిజంగానే ఆసక్తి ఉంది, మధ్యమధ్య మంచి ప్రశ్నలు అడిగింది.

అప్పుడు కనబడింది పెద్దమ్మ. గుంపుకు వెనగ్గా, కోడలి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. శుభ్రమైన బట్టలు కట్టుకుంది. తల దువ్వుకుంది. ఎప్పుడొచ్చిందో ఏమో, అప్పటికే పలక దగ్గరికి వెళ్లి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివినట్టుంది. ఇప్పుడు తాత వంక కాకుండా ఆమె వంక చూస్తోంది.

"ఇంతకీ ఎక్కడ చేశారండీ దీన్ని?" అని అడిగింది అధికారి భార్య. "ఇలా ఒరిగి ఉన్న పునీతుణ్ణి నేనెక్కడా చూడలేదు. ఇంత చూసినవాళ్లు, మీకేమనిపిస్తోంది?"

డైరెక్టరు ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేదు. సందు పోయింది, పడవను కూడా ఆ యంత్రమే తొక్కేసింది. చెబితే కోర్టుకెళ్లేవాళ్లు ఎవరూ లేరు. చెప్పడానికి ఇప్పుడు ఏ అడ్డూ లేదు, తను పెట్టిన సంతకం తప్ప. పెద్దమ్మ మెడ కాస్త ముందుకు చాచింది. ముఖంలో కోపం లేదు. ఏదో మంచిమాట నలుగురిలో చెప్పబోతుంటే వినడానికి వచ్చినదానిలా ఉంది. కోడలి చెయ్యి లాగి, ఇటు విను అన్నట్టు సైగ కూడా చేసింది.

చెక్కల డాక్టరు పలక వంక చూసింది.

"ఇంకా తేలలేదండీ," అంది. "పరిశీలిస్తున్నాం."

ఎన్నేళ్లుగానో చెబుతూ వస్తున్నంత మామూలుగా వచ్చింది ఆ మాట. అధికారి భార్య తలూపింది. అతిథులు పక్క గదిలోకి కదిలారు. డైరెక్టరు పోతూ పోతూ ఆమె భుజం మీద మెల్లగా తట్టాడు.

పెద్దమ్మ అక్కడే ఉంది. చెక్కల డాక్టరు ఆవిడ దగ్గరికి వెళ్లింది. ఎక్కడుంటున్నారని అడిగింది. కోడలు జవాబు చెప్పబోయింది. పెద్దమ్మ ఆ చెయ్యి నొక్కి ఆపింది.

"ఇంకా తేలలేదమ్మా," అంది.

ఎత్తిపొడుపా అని ఆమె ఆవిడ ముఖంలోకి చూసింది. కాదు. ఉన్నమాటే చెప్పింది.

వాళ్లు వచ్చిన దారినే వెళ్లబోతే కాపలావాడు ఆపాడు. ఇటు లోపలికి మాత్రమే, బయటికి దారి అన్ని గదులూ తిరిగితేనే అన్నాడు. పెద్దమ్మ అలాగే నాయనా అని వెనక్కి తిరిగింది. కుండల దగ్గర ఆగింది. నాణేల దగ్గర ఆగింది. పరాయివాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు వాళ్లు చూపించినవన్నీ మర్యాదకు చూసినట్టు, ప్రతి గాజు అర ముందూ కాస్సేపు నిలబడి, కోడలి చెయ్యి పట్టుకుని, గది తర్వాత గది దాటుకుంటూ వెళ్లిపోయింది.